పానా కూడా వంటింటి సామానే

"బండి సంగతి నీకెందుకే, నువ్వు ఎనుక కూసో." ఈ మాట ఒక్కసారైనా వినని ఆడమనిషి మన గోదావరిఖనిలో ఉందంటే నేను నమ్మను. అనేవాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు. మన అన్నలే, మన ఇంటాయనలే, ఈ మధ్యే మీసం మొలుస్తున్న మన కొడుకులే. ప్రేమగానే అంటారు. ఆ మాట వెనక ఉన్న లెక్క మాత్రం నాకు నచ్చదు. బండి కొనేటప్పుడు మన చిట్టీ డబ్బులు కావాలి. కిస్తీలు కట్టినన్నాళ్ళు ఇంటి ఖర్చు మనమే తగ్గించుకోవాలి. బండి తుడవడానికి మన పాత చీర ముక్క కావాలి. అది ఎందుకు స్టార్టవడం లేదో తెలుసుకునే పని మాత్రం మనది కాదట! ఈ లెక్క గురించే ఇవాళ కాస్త గట్టిగా అడుగుదామని కూర్చున్నాను.

నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. ఇంట్లో ఉన్న బండి బాగోగులు ఇంటి పనే. అది మగ పని కాదు, మెకానిక్ ఒక్కడి పనీ కాదు. ప్లగ్గు విప్పి చూడటం, చైను సంగతి కనిపెట్టడం, ఫిల్టర్ మార్చడం, ఐడ్లింగ్ సరిచేయడం, ఇవన్నీ సిలిండర్‌కు రెగ్యులేటర్ పెట్టడం లాంటివే. అది రానివాళ్ళ ఇంట్లో ఎవరో వచ్చి పెట్టేదాకా పొయ్యి వెలగదు. బండీ అంతే.

వేరే ఊళ్ళ సంగతేమో గానీ మన దగ్గర బండి అంటే షోకు కాదు. మన బతుకులు షిఫ్టుల మీద నడుస్తాయి. ఫస్ట్ షిఫ్టు, సెకండ్ షిఫ్టు, నైట్ షిఫ్టు. యైటింక్లయిన్ కాలనీలో ఇల్లున్నవాళ్ళకు డ్యూటీ ఇంకో బాయి మీద పడొచ్చు, ఖనిలో ఉన్నవాళ్ళకు సెంటినరీ కాలనీ వైపు ఓపెన్‌కాస్టులో పడొచ్చు. టైముకు చేరకపోతే మస్టర్ పడదు. మస్టర్ పడకపోతే నాగా. ఆ రోజు జీతం పోయినట్టే. పొద్దున్నే బండి కిక్కులకు లేవకపోతే ఇంట్లో ఎంత రభస అవుతుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. ఆ కోపం ఎవరి మీద దిగుతుంది? బండి మీద కాదు కదా. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు మన మీద, పిల్లల మీద.

ఇంకో సంగతి. నైట్ షిఫ్టులో ఆయన భూమి లోపల ఉంటాడు. ఫోన్ చేసి అడిగే వీలు ఉండదు. అర్ధరాత్రి పిల్లకు ఒళ్ళు కాలిపోతోంది, లేదా అత్తమ్మకు ఆయాసం వచ్చింది. వాకిట్లో బండి ఉంది. మనకు నడపడమూ వచ్చు. అది లేవదు! 108కు ఫోన్ చేయొచ్చు, చేయాలి కూడా. పక్కింటి అన్నను లేపొచ్చు. కానీ చాలాసార్లు ఆ బండికి వచ్చిన రోగం కిల్ స్విచ్ ఆఫ్‌లో ఉండటమో, పెట్రోలు కాక్ రిజర్వుకు తిప్పకపోవడమో అయి ఉంటుంది. రెండు క్షణాల పని. ఆ రెండు క్షణాల చదువు మనకు ఎవరూ చెప్పలేదు.

మూడో సంగతి చెప్పడానికి మనసొప్పదు, అయినా చెప్పాలి. ఇంటాయన పోయిన ఇళ్ళు మన లైన్లలో ఉన్నాయి. ఆయన బండి వరండాలో పట్టా కప్పుకుని నిలబడి ఉంటుంది. ఎవరూ ముట్టుకోరు. నెలలు గడిచేకొద్దీ ట్యాంకులో పెట్రోలు పాడవుతుంది, కార్బొరేటర్‌లో జిగురు పడుతుంది, బ్యాటరీ దిగిపోతుంది, టైర్లు నేలకు అతుక్కుంటాయి. ఒకరోజు ఎవరో వచ్చి "ఇది ఇనుప సామాను కింద పోవాల్సిందే అమ్మా" అని ఒక ధర చెప్తాడు. ఆమెకు ఆ ధర ఎక్కువో తక్కువో తెలియదు. పదిహేను రోజులకోసారి బయటికి తీసి ఓ చుట్టు నడిపితే, లేదంటే కనీసం ట్యాంకు, కార్బొరేటర్ ఖాళీ చేసి పెడితే ఆ బండి ఆమెకో, ఆమె బిడ్డకో కాళ్ళయ్యేది. మొగుడు పోయిన దుఃఖానికి మందు లేదు. బండి పోయిన దుఃఖానికి మాత్రం పదో నంబరు పానా, ఒక ప్లగ్గు పానా చాలు.

"అదంతా టెక్నికల్ వదినా, మనకు అర్థం కాదు" అంటారు. ఏది టెక్నికల్? ప్రెషర్ కుక్కర్ ఏమిటి మరి? గాస్కెట్ సాగిందో లేదో వేలితో నొక్కి చెప్తాం. విజిల్ రాకపోతే వెయిట్ తీసి రంధ్రంలో పుల్ల పెట్టి శుభ్రం చేస్తాం. సేఫ్టీ వాల్వు పోతే మార్చుకొస్తాం. మిక్సీ తిరగకపోతే అడుగున ఎర్ర బటన్ నొక్కుతాం. ఇదంతా ఇంజనీరింగే. పేరు పెట్టి పిలవలేదు కాబట్టి దానికి జీతమూ లేదు, గౌరవమూ లేదు.

బండి ఇంజన్ అర్థం కావాలంటే గ్యాస్ పొయ్యి దగ్గర నిలబడండి. మంట నీలంగా ఉంటే గ్యాసూ గాలీ సరిగ్గా కలిసినట్టు. మంట పసుపచ్చగా వచ్చి గిన్నె అడుగు మసిబారితే గాలి చాలనట్టు. అప్పుడు మనం బర్నర్ తీసి రంధ్రాలు తోముతాం. ఇంజన్ లోపల జరిగేదీ అదే. పెట్రోలు ఆవిరి, గాలి కలిసి, ప్లగ్గు నిప్పు రవ్వకు మండుతాయి. గాలి తక్కువై పెట్రోలు ఎక్కువైతే లోపల మసి పడుతుంది. ఆ మసి ప్లగ్గు మీద కనిపిస్తుంది. ఇంతవరకు అర్థమైన మనిషికి సగం మెకానిజం వచ్చినట్టే.

కాబట్టి బండి లేవకపోతే అడగాల్సినవి మూడు ప్రశ్నలు. పెట్రోలు వస్తోందా? నిప్పు రవ్వ వస్తోందా? గాలి అందుతోందా? వరుస తప్పకుండా అడగాలి. ముందు కిల్ స్విచ్, తాళం, ట్యాంకులో పెట్రోలు, కాక్. చలికాలం పొద్దున అయితే చోక్. ఇవన్నీ సరిగ్గా ఉంటే అప్పుడు ప్లగ్గు. వానాకాలంలో ప్లగ్గు మీది క్యాప్‌లో తడి చేరితే రవ్వ రాదు. క్యాప్ లాగి పొడిగుడ్డతో తుడిచి మళ్ళీ గట్టిగా నొక్కితే చాలా బండ్లు లేస్తాయి. సెల్ఫ్ నొక్కితే కటకటమని మాత్రమే అని ఊరుకుంటే అది ఎక్కువగా బ్యాటరీ బలహీనత. ఇంజన్‌ను తిట్టి లాభం లేదు.

అన్నం ఉడికిందో లేదో చూడటానికి కుండంతా కెలకం, ఒక్క మెతుకు పట్టుకుంటాం. ఇంజన్‌కు ఆ మెతుకు ప్లగ్గు. బండి పూర్తిగా చల్లారాక క్యాప్ తీసి, చుట్టూ ఉన్న దుమ్ము ఊది, ప్లగ్గు పానాతో నెమ్మదిగా విప్పాలి. చివర లేత గోధుమరంగులో ఉంటే ఇంజన్ ఆరోగ్యంగా ఉన్నట్టు. పొడి మసిలా నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువైనా అవుతోంది, ఫిల్టర్ అయినా మూసుకుపోయింది. నూనె తడి ఉంటే ఇంజన్ ఆయిల్ లోపలికి వస్తోంది, అది మెకానిక్ చూడాల్సిన పని. సున్నంలా తెల్లబడితే ఇంజన్ మరీ వేడెక్కుతోంది, అదీ చూపించాల్సిందే. మళ్ళీ బిగించేటప్పుడు మొదటి చుట్లు వేళ్ళతోనే తిప్పాలి. పానాతో మొదలుపెడితే మరలు అరిగిపోతాయి, అప్పుడు ఖర్చు వందల్లో ఉండదు, వేలల్లో ఉంటుంది. ఈ జాగ్రత్త మగవాళ్ళకంటే మనకే ఎక్కువని నా అనుభవం. సీసా మూత మర తప్పితే చేతికి తెలిసిపోతుంది మనకు.

ఇక మన ప్రాంతపు శాపం దుమ్ము. బొగ్గు టిప్పర్లు, బూడిద లారీలు, ఓపెన్‌కాస్టు మట్టి. తలుపులు మూసినా మధ్యాహ్నానికి కిటికీ అంచు మీద నల్లటి పొర పేరుకునే ఊరు మనది. ఉతికిన బట్టలు ఆరేసే ముందు తీగను తుడుచుకునేది మనమే. అదే దుమ్ము రోజంతా బండి పీల్చుకుంటుందని మాత్రం ఎవరూ ఆలోచించరు. కంపెనీ పుస్తకంలో ఫిల్టర్ ఇన్ని కిలోమీటర్లకు మార్చమని రాసి ఉంటుంది. దుమ్ము ఎక్కువున్న చోట అంతకంటే ముందే చూసుకోమని కూడా రాస్తారు. ఆ రెండో వాక్యం మన కోసమే. స్పాంజి ఫిల్టర్ అయితే కడిగి, పూర్తిగా ఆరబెట్టి, పుస్తకంలో చెప్పినట్టు నూనె పట్టించి పెట్టొచ్చు. నూనె పూసిన కాగితపు ఫిల్టర్‌ను మాత్రం కడగకూడదు, గాలి కొట్టకూడదు, మార్చడమే. ఫిల్టర్ చిరిగినా, లేకుండా నడిపినా ఆ దుమ్ము సిలిండర్‌లోకి పోయి పిస్టన్ రింగులను ఇసుక కాగితంలా అరగదీస్తుంది. మన మనుషుల ఊపిరితిత్తులకు దుమ్ము ఏం చేస్తుందో బాయి పనివాళ్ళ ఇళ్ళకు తెలుసు. బండికీ ఊపిరితిత్తి ఉంది, దాని పేరు ఎయిర్ ఫిల్టర్.

ఇప్పుడు మన మగపిల్లల దగ్గరికి వద్దాం. వాళ్ళకు 'ట్యూనింగ్' అంటే చప్పుడు. సైలెన్సర్ మార్చి, కాలనీలో నిద్రపోతున్న నైట్ షిఫ్టు మనుషులను లేపడం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ బండిని ఇష్టమొచ్చినట్టు మార్చడం ఒప్పుకోదు. చట్టం సంగతి పక్కన పెట్టినా అది ట్యూనింగ్ కాదు. మా వాడు ఫోన్‌లో ట్రయల్స్ పోటీల వీడియోలు చూస్తుంటాడు. నేనూ పక్కన కూర్చుని చూశాను. ఆ బండ్లకు కూర్చోవడానికి సీటే ఉండదు. రైడర్ నిలబడే నడపాలి. బండరాళ్ళ మీద, వాగుల్లో, దుంగల మీద నడుస్తారు. వేగానికి మార్కులు లేవు. కాలు నేలకు ఆనిస్తే మార్కు పడుతుంది, ఎవరికి తక్కువ మార్కులు పడితే వాళ్ళే గెలిచినట్టు. స్పెయిన్‌కు చెందిన లాయా సాన్స్ అనే ఆమె ఆ ఆటలో మహిళల ప్రపంచ టైటిళ్ళు పదికి మించి గెలిచింది. 2015లో డకార్ ర్యాలీలో మగవాళ్ళతో కలిసి పోటీపడి మోటార్‌సైకిళ్ళ విభాగంలో తొమ్మిదో స్థానంలో నిలిచింది.

ఆ ఆట చూస్తే నాకు అర్థమైనది ఇది. ఆ బండిని ట్యూన్ చేసేది పరుగు కోసం కాదు, నిదానం కోసం. వేలితో కాస్త యాక్సిలేటర్ కదిపితే ఇంజన్ అంతే కదలాలి, ఎగిరిపడకూడదు, ఆగిపోకూడదు. క్లచ్ వెంట్రుకవాసి తేడాతో పట్టుకోవాలి. మనకు కావాల్సిందీ అదే కదా? ముందు సిలిండర్, వెనక పిల్ల, గుంతల రోడ్డు, ఎదురుగా టిప్పర్. చౌరస్తాలో బండి ఠక్కున ఆగిపోతే వెనక వచ్చే లారీ ఆగుతుందా? నిదానంలో నిలకడగా ఉండే బండే ఇంటి బండి. ఆ ట్యూనింగ్ మనకు కావాలి, చప్పుడు ట్యూనింగ్ కాదు.

అదేమంత బ్రహ్మవిద్య కాదు. కార్బొరేటర్ ఉన్న పాత బండి అయితే ముందు ఓ ఐదారు కిలోమీటర్లు నడిపి ఇంజన్ వేడి చేయాలి. ఆరుబయట నిలబెట్టాలి. ఐడ్లింగ్ స్క్రూ తిప్పి ఇంజన్ ఆగిపోకుండా నిదానంగా తిరిగేలా పెట్టాలి. చాలా ఇంటి బండ్లకు అది నిమిషానికి దాదాపు 1400 చుట్లు. తర్వాత గాలి, పెట్రోలు కలిసే పాళ్ళు చూసే చిన్న స్క్రూ. దాన్ని ముట్టుకునే ముందు అది ఎక్కడుందో గుర్తు పెట్టుకోవాలి, లేదా ఫోన్‌లో ఫొటో తీసుకోవాలి. పావు చుట్టు ఒకవైపు, ఆగి వినాలి. పావు చుట్టు ఇంకోవైపు, ఆగి వినాలి. ఇంజన్ ఎక్కడ అన్నింటికంటే సాఫీగా, చురుగ్గా తిరుగుతుందో అక్కడ వదిలేసి, పెరిగిన వేగాన్ని మళ్ళీ ఐడ్లింగ్ స్క్రూతో తగ్గించాలి. చెవి పెట్టి వినడమే అసలు పని. వంటింట్లోంచే కుక్కర్ ఎన్నో విజిలో, పాలు పొంగే ముందు చప్పుడు ఎలా మారుతుందో చెప్పగల చెవులకు ఇది కష్టమా?

ఇంకో పరీక్ష. ఇంజన్ ఐడ్లింగ్‌లో ఉండగా హ్యాండిల్‌ను పూర్తిగా ఎడమకు, పూర్తిగా కుడికి తిప్పి చూడండి. ఇంజన్ వేగం దానంతటదే పెరిగితే యాక్సిలేటర్ కేబుల్ బిగుసుకుపోయినట్టు. మలుపులో బండి తనంతట తాను దూసుకుపోవడం దీనివల్లే. క్లచ్ లివర్ చివర ఒకటి రెండు సెంటీమీటర్లు వదులుగా కదలాలి. చైను కింది వరుస మధ్యలో పట్టి పైకీ కిందికీ ఆడిస్తే దాదాపు 20 నుంచి 30 మిల్లీమీటర్లు కదలాలి, మీ బండి లెక్క మీ పుస్తకంలో ఉంటుంది. మరీ వదులైతే చైను జారుతుంది, మరీ బిగిస్తే బేరింగులు పోతాయి. టైర్లలో గాలి పొద్దున్నే, బండి నడవకముందు చూసుకోవాలి. ఎండాకాలం రామగుండం ఎండకు మధ్యాహ్నం టైరు కాగి ఉంటుంది, అప్పుడు చూపించే లెక్క నమ్మేది కాదు. డ్రమ్ము బ్రేకుల మీద చాలా బండ్లకు చిన్న బాణం గుర్తు ఉంటుంది. బ్రేకు తొక్కినప్పుడు ఆ బాణం గీతను చేరిందంటే లోపలి షూలు అరిగిపోయినట్టు. ఆ బాణం మీద మీ చూపు నెలకోసారి పడితే చాలు.

ఒట్టి ధైర్యం చెప్పి వదిలేయను. ఇంజన్ తిరుగుతుండగా చైను దగ్గర చేయి పెట్టకూడదు, కొంగూ చున్నీ నడుముకు బిగించాలి. పెట్రోలు పని వంటింటి దగ్గర, దీపం దగ్గర వద్దు. మూసిన వరండాలో ఇంజన్ ఆన్ చేసి పెట్టొద్దు. బాయిలో మన మనుషులు భయపడే కార్బన్ మోనాక్సైడ్ ఆ పొగ గొట్టంలోంచే వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. బ్రేకులు విప్పడం, ఇంజన్ విప్పడం మనం చేయాల్సిన పనులు కావు.

"ఇప్పటి బండ్లకు కార్బొరేటరే లేదు కదా, ఇంకా నేర్చుకునేదేముంది?" అని అడుగుతారు. నిజమే. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 వచ్చాక కొత్త బండ్లన్నీ దాదాపుగా ఫ్యూయల్ ఇంజెక్షన్‌కు మారాయి. వాటిలో మనం తిప్పే స్క్రూ లేదు, తిప్పకూడదు. కానీ ప్లగ్గు ఉంది, ఫిల్టర్ ఉంది, చైను ఉంది, టైర్లున్నాయి. తాళం తిప్పగానే ఇంజన్ బొమ్మ లైటు వెలిగి, స్టార్టయ్యాక ఆరిపోవాలి. ఆరకపోతే వర్క్‌షాపుకు తీసుకుపోవాలి. ట్యాంకు అడుగంటేదాకా నడపొద్దు, లోపలి పంపును చల్లగా ఉంచేది ఆ పెట్రోలే. ఎక్కడ చేయి పెట్టాలో, ఎక్కడ ఆపాలో తెలియడం కూడా చదువే.

"మెకానిక్‌ల పొట్ట కొడతావా?" అని ఇంకో వాదన. ఎందుకు కొడతాను? డాక్టరు దగ్గరికి పోయే ముందు థర్మామీటర్ పెట్టి చూసుకుంటే డాక్టరు పొట్ట కొట్టినట్టా? కానీ ఒకటి చెప్పాలి. బండి తోసుకుంటూ ఒక దుకాణానికి పోతే నా ముఖం చూడకుండా, "సార్‌ను పంపుండ్రి అమ్మా, సార్‌కు చెప్త" అన్నాడు ఒకాయన. ఆ ఒక్క మాటతో నా బండి రోగం నాకు చెప్పకూడని రహస్యమైపోయింది. అదే దుకాణంలో ఇంకోసారి "ప్లగ్గు నల్లబడింది, ఫిల్టర్ నేను మార్చాను, అయినా పొగ వస్తోంది" అన్నాను. స్టూలు వేసి కూర్చోబెట్టి మొత్తం వివరించాడు. ఆయన మారలేదు, నా చేతిలో మాట మారింది. పాత సామాను చూపించమని అడగండి. ఏం మార్చాడో, ఎందుకు మార్చాడో అడగండి. అడగందే అమ్మయినా పెట్టదంటారు, బిల్లు వేసేవాడు చెప్తాడా?

అన్నిటికంటే గట్టి అభ్యంతరం మన ఆడవాళ్ళదే. "ఉన్న చాకిరీ చాలదా అక్కా, ఇంకోటి నెత్తినెత్తుకోవాలా?" ఈ మాటను నేను తేలిగ్గా తీసేయను. పొద్దున నాలుగింటికి లేచి డబ్బా కట్టే మనిషి అడిగే ప్రశ్న అది. నా జవాబు ఇది. ఈ చదువు మనం ఒక్కరమే మోయడానికి కాదు. ఆదివారం ఒక గంట బండి దగ్గర మనం కూర్చుంటే, ఆ గంట పప్పు తాలింపు వేసేది ఆయన. పక్కన కొడుకునూ బిడ్డనూ ఇద్దరినీ కూర్చోబెట్టాలి, కొడుకునొక్కడినే కాదు. నిజానికి బండి పని మన నెత్తిన ఇప్పటికే ఉంది. అది చెడిపోయినప్పటి తిట్లు, ఆటో ఖర్చు, ఆసుపత్రికి పోలేని రాత్రి, ఇవన్నీ మనమే మోస్తున్నాం. ఆ పనిలో మనకు లేనిది అధికారం ఒక్కటే.

ఆడవాళ్ళ చేతికి ఇది కొత్త కూడా కాదు. ఇంగ్లండులో బీట్రిస్ షిల్లింగ్ అనే ఇంజనీరమ్మ ఉండేది. తన నార్టన్ మోటార్‌సైకిల్‌ను తానే సిద్ధం చేసుకుని 1934లో బ్రూక్‌లాండ్స్ ట్రాక్ మీద గంటకు వంద మైళ్ళు దాటించింది. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ యుద్ధ విమానాలు ఒక్కసారిగా ముక్కు కిందికి వంచి దూకితే ఇంజన్ ఆగిపోయేది, కార్బొరేటర్‌లో పెట్రోలు తారుమారై ముంచెత్తేది. 1941లో ఆమె నడుమ రంధ్రం ఉన్న ఒక చిన్న లోహపు బిళ్ళను పెట్రోలు దారిలో పెట్టించి ఆ జబ్బును అదుపులోకి తెచ్చింది. అంత పెద్ద విమానానికి అంత చిన్న బిళ్ళ! మన దగ్గరికి వస్తే, 1952 గనుల చట్టం 46వ సెక్షన్ ఆడవాళ్ళను భూగర్భ గనిలోకి పనికి పోనివ్వలేదు. 2019లో కేంద్రం ఆ కట్టుబాటును సడలించి సాంకేతిక, పర్యవేక్షణ, నిర్వహణ పనులకు పగటిపూట లోపలికి దిగనిచ్చింది. బాయి లోపలికి దిగి యంత్రాల మీద అజమాయిషీ చేయొచ్చని చట్టమే ఒప్పుకున్నాక, వరండాలో ఉన్న బండి ప్లగ్గు విప్పడానికి ఇంకా ఎవరి అనుమతి కావాలి?

నేను బీఏ తెలుగు చదివినప్పుడు వ్యాకరణంలో ఒక సంగతి నన్ను గుచ్చింది. వాడు వచ్చాడు. ఆమె వచ్చింది. బండి వచ్చింది. ఏకవచనంలో ఆడమనిషికీ బండికీ ఒకటే క్రియ. అమహత్తులతో పాటే మన లెక్క. బహువచనంలోకి వస్తే మాత్రం వాళ్ళు వచ్చారు, అక్కడ మనం మగవాళ్ళతో సమానం. ఒక్కదానివైతే వస్తువుల వరుస, నలుగురు కలిస్తే మనుషుల వరుస. తెలుగు భాష మనకు తెలియకుండానే దారి చెప్పింది.

అందుకే ఒక్కరే వద్దు, లైనులో నలుగురు కలవండి. వచ్చే ఆదివారం ఎవరి వాకిట్లోనైనా ఒక బండి సెంటర్ స్టాండ్ వేయండి. సీటు కింద టూల్‌కిట్‌లో ప్లగ్గు పానా ఉందో లేదో చూడండి, లేకపోతే కొనండి, పెద్ద ఖర్చేం కాదు. బండితో ఇచ్చిన పుస్తకం బీరువాలో ఏ మూల ఉందో వెతికి తీయండి. మసిగుడ్డ మన దగ్గర ఎలాగూ ఉంది. ప్లగ్గు విప్పి, అందరూ చేతిలోకి తీసుకుని, రంగు చూసి, ఏమిటో చెప్పుకోండి. పిల్లలను పక్కనే ఉంచుకోండి. తర్వాత ఆ పానాను మళ్ళీ గరిటెల స్టాండు పక్కనే పెట్టుకోండి. ఎవరైనా "ఇదిక్కడ ఎందుకుంది?" అని అడిగితే, అది ఉండాల్సిన చోటే ఉందని చెప్పండి.

మీ బండి ప్లగ్గు ఏ రంగులో ఉందో నాకూ రాయండి.